మా హాల్లో కర్ణాటక, కొట్టంలో తెలంగాణ

జులై 3

ఉదయం 5.30. లేచాను. చన్నీళ్ళ స్నానం. కొత్త డైరీ మొదలు. జులైలో కొత్త డైరీ ఏమిటని నా భార్య మహేశ్వరి నవ్వింది. ఎరువుల దుకాణంవాళ్ళు మిగిలిపోయినవి పంచుతుంటే తెచ్చాను. కాగితం మంచిది, నెలదేముంది?

విషయానికి వస్తాను. ఈ రోజు నుంచి మా కొట్టంలో రోగం అడుగు పెట్టదు. పెట్టనివ్వను! నేను పాండురంగాన్ని. తాండూరు–చించోళి రూట్లో ఉద్యోగమంతా కండక్టరు చేసినవాణ్ణి. సంచిలో దాచి తెచ్చిన కోడికి కూడా టికెట్టు కొట్టినవాణ్ణి. ఒక్క క్రిమిని ఊరికే ఎక్కనిస్తానా!

నిన్న వికారాబాద్‌లో పాడి రైతులకు శిక్షణ. భోజనం బాగుంది. భోజనం తర్వాత అందరూ నిద్రపోయారు, నేను మాత్రం రాసుకున్నాను. పశువుల డాక్టరమ్మ దేవిక గారు చెప్పారు: "రోగం వచ్చినంక ఉరుకుడు కాదు, రాకుంట చూసుకోవాలె. బయటి పశువు, బయటి మనిషి, బయటి చెప్పు, గివే రోగాన్ని మోసుకొస్తయి."

మాకు మూడు బర్రెలు. అందులో నల్లమ్మ నిండు చూలు, ఈ నెలలోనే ఈనుతుంది. పోయిన ఈత దూడ పారుడు పట్టి వారం తిరక్కుండానే పోయింది. అంతకు ముందుదీ అంతే. మహేశ్వరి అన్నం ముట్టకుండా కొట్టంలోనే కూర్చుంది. "ఈసారి గిట్ల దూడ పోతే బర్లన్నీ అమ్మేస్త. ఇగ నాతోని గాదు," అని తేల్చి చెప్పింది. అమ్మేస్తే రిటైరైన మనిషిని, నేనేం చేయాలి? పొద్దున్నే లేచి ఎవరి మీద అరవాలి?

ఈ దూడ బతకాలి. అంతే.

కొట్టం గోడ మీద ఎర్ర రంగుతో రాశాను:

1. కాళ్ళు సున్నపు నీళ్ళలో ముంచి లోనికి రావలెను.
2. బయటి పశువులకు స్థలము లేదు.
3. దినమునకు రెండుసార్లు కొట్టము కడుగవలెను.
4. ప్రతి బర్రెకు రోజూ జ్వరము చూడవలెను.
5. డ్రైవరుతో మాటలాడరాదు.

అయిదోది చేతి అలవాటులో పడిపోయింది. రంగు ఆరిపోయింది, ఉండనీ.

జులై 4

గుమ్మం దగ్గర సిమెంటు తొట్టి. అందులో సున్నపు నీళ్ళు. మొదటి ప్రయాణికుడు లతీఫ్. మోమిన్‌పేట బస్టాండు పక్కన వాడిది చాయ్ హోటల్, రోజూ పొద్దున పాలకు వస్తాడు. చెప్పులతో సహా ముంచమన్నాను.

"క్యా పాండన్నా! నమాజ్‌కు పోయేటప్పుడు గూడ నేను గింత పరేషాన్ గాలే!"

"దేవుడు మాఫ్ చేస్తడు లతీఫ్. క్రిమి మాఫ్ చెయ్యదు. ముంచు!"

ముంచాడు. పోతూ పోతూ వాళ్ళమ్మ అలీమాబీ జున్ను కోసం గిన్నె తోమి పెట్టుకుందని గుర్తు చేశాడు. బర్రె ఇంకా ఈననే లేదు, గిన్నెలు మాత్రం తయారు.

సాయంత్రం థర్మామీటర్ పెట్టాను. ఎక్కడ పెట్టాలో డాక్టరమ్మ చెప్పే ఉన్నారు. మిగతా రెండు బర్రెలూ ఓర్చుకున్నాయి. నల్లమ్మకు నచ్చలేదు. నా మోకాలి మీద డెక్క ముద్ర పడింది, కట్టు కట్టాను. మొదటి నుంచీ దానికి మహేశ్వరి ఒక్కతే మనిషి. పాలు కూడా ఆమె చేతికే చేపుతుంది. నేను దగ్గరికి పోతే ఊపిరి బిగబట్టి కాలెత్తుతుంది.

అయినా సరే. మొదటి రోజు దివ్యంగా గడిచింది!

జులై 5

మహేశ్వరికి ఒళ్ళు వెచ్చగా ఉందట. నేను స్నానంలో ఉన్నాను. గూట్లో థర్మామీటర్ కనిపించిందట. బయటికి వచ్చేసరికి నోట్లో పెట్టుకుని కూర్చుంది.

చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పాను.

ఆమెకు జ్వరం లేదు. నాతో మాటలూ లేవు.

జులై 6

ఘోరం. నా బామ్మర్ది ఎంకయ్య కుల్కచర్ల నుంచి వానలో ట్రాలీ ఆటో వేసుకుని దిగాడు. వెనక ఆవు! తెల్లది, పొడుగు కొమ్ములది. కర్ణాటకలో చించోళి అవతల సంతలో బేరం కుదిరిందట.

"బావా, రెండంటే రెండు దినాలు మీ కొట్టంల కట్టెయ్యి."

"మీ ఇంట్ల కట్టుకోరాదు?"

"ఇంట్ల తెల్వది బావా. మీ చెల్లె ఫ్రిజ్ అడిగింది. నేను గిది తెచ్చిన. జర మెల్లగ చెప్పాలె."

గోడ చూపించాను. రెండో నిబంధన చదివించాను. వాడు చదివి, "మంచిగ రాసినవ్ బావా," అన్నాడు. ఆవును మాత్రం దించేశాడు.

నిన్నటి నుంచి మాట్లాడని మహేశ్వరి అప్పుడు నోరు తెరిచింది. "నా తమ్ముడు వానల తడుస్తున్నడు."

"ఆవు గూడ తడుస్తున్నది అక్కా," అన్నాడు ఎంకయ్య.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె మాట స్పష్టం. కొత్త పశువును మూడు వారాలు వేరుగా కట్టాలి. దాన్ని ముట్టుకున్నవాళ్ళు శుభ్రంగా కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే మన పశువుల దగ్గరికి పోవాలి. సరే, వేరుగా ఎక్కడ? మాకున్నది వెనక కొట్టం, ముందు ఇల్లు, ఆ ముందు రోడ్డు. వాన దంచుతోంది. కొట్టం కాకుండా ఇంకో కప్పు ఉన్నది ఇంటికే.

ఆవును హాల్లో కట్టాను.

జులై 7

హాల్లో టైల్స్. ఆవు నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోయాయి. గోనెసంచులు పరిచాను, చాలలేదు. పరుపులు పరిచాను. సోఫా బయటికి పోయింది, టార్పాలిన్ కింద ఉంది.

ఇంకో చిక్కు. ఆవుకు తెలుగు రాదు. జరుగు అంటే జరగదు, దా అంటే రాదు. మహేశ్వరి బతిమాలింది, తిట్టింది, బెల్లం చూపించింది. ఆవు గోడ వైపు తిరిగి నిలబడింది. చివరికి నాకు నా రూటు గుర్తొచ్చింది. గొంతు సవరించుకుని, ముందుకు నడవండని బస్సులో అరిచినట్టు అరిచాను: "ముందె హోగ్రి! ముందె హోగ్రి!"

చక్కగా నడిచి వెళ్ళి టీవీ పక్కన నిలబడింది. రోమాలు నిక్కబొడుచుకున్నాయి! దానికి ప్యాసింజర్ అని పేరు పెట్టాను.

రాత్రి భోజనాల ముందే వ్యవస్థ అంతా పెట్టేశాను. ఇల్లు కర్ణాటక. కొట్టం, దాని పక్కనున్న సామాన్ల గది, వెనక వాకిలి తెలంగాణ. మధ్యలో పెరటి తలుపు చెక్‌పోస్టు. సున్నపు తొట్టిని అక్కడికి మార్చాను.

జులై 8

డాక్టరమ్మ చెప్పింది కొంచెం వదులుగా ఉంది. నేను బిగించాను. ఆవును ముట్టినవాడు బర్రెను ముట్టరాదు. ఆవును ముట్టినవాణ్ణి ముట్టినవాడు కూడా బర్రెను ముట్టరాదు. ఆవు వాసన తగిలిన బట్ట సరిహద్దు దాటరాదు.

ఆవును చూసేది నేను, ఎందుకంటే కన్నడ నాకే వచ్చు. బర్రెలను చూసేది మహేశ్వరి. కాబట్టి ఆవు ఉన్నన్నాళ్ళు నేను కర్ణాటకలో, ఆమె తెలంగాణలో.

"అంటే ఇగ నువ్వు గాడ, నేను గీడ?" అంది.

"మూడు వారాలే."

ఇంత త్వరగా ఒప్పుకుంటుందనుకోలేదు. బట్టలు ఉతికి పెట్టెలో సర్దుకుని సామాన్ల గదికి వెళ్ళిపోయింది. నేను ఆవుకు గడ్డి కోస్తున్న సమయంలో గ్యాస్ పొయ్యి, సిలిండరు, పప్పుడబ్బా, ఉప్పు, కారం అన్నీ సరిహద్దు దాటిపోయాయి. చెక్‌పోస్టులో తనిఖీ లేదు, తప్పు నాదే.

నా దగ్గర మిగిలినవి: టీవీ, ఆవు.

జులై 9

తిండి పెరటి గోడ మీది నుంచి వస్తోంది. తాడుకు కట్టిన పాల క్యాన్లో జొన్నరొట్టె, పచ్చి పులుసు. అడగకూడదు. వచ్చింది తినాలి. థర్మామీటర్ గుర్తొచ్చిన పూట ఒక్క రొట్టే వస్తుంది.

మీటరు రీడింగుకు వచ్చినాయన తలుపు తీసి చూసి, "సార్, ఇల్లు తప్పొచ్చినట్టుంది," అని వెళ్ళిపోయాడు. మీటరు చూడలేదు.

ఎంకయ్య ఫోన్ స్విచ్చాఫ్.

జులై 11

వానకు సున్నపు తొట్టి నిండి పొర్లిపోయింది. ఇప్పుడు అందులో ఉన్నది వాన నీళ్ళే. వాన నీళ్ళు ఆకాశం నుంచి వస్తాయి, అక్కడ పశువులు లేవు. చాలు.

మధ్యాహ్నం సరిహద్దు దాటాను. ఒక్కసారే. మామిడికాయ తొక్కు జాడీ తెలంగాణలో ఉండిపోయింది. ఎడమ కాలు ముంచాను. కుడి కాలికి కట్టుంది, తడపకూడదు కదా! అయినా బర్రెలను ముట్టలేదు. జాడీని ముట్టాను. శిక్షగా నాకు నేనే గుంజీలు తీశాను. ప్యాసింజర్ ఆసక్తిగా చూసింది.

కొట్టం రెండుసార్లు కడగడం మీద మహేశ్వరికి గోడ మీది నుంచి గుర్తు చేశాను. "నీ కర్ణాటకల పెండ దీసుకో ముందుగాల," అంది. నిజమే. పరుపు మీద పెండ తీయడం శిక్షణలో చెప్పలేదు. కాస్త ఎండనిస్తే తేలికని నా పరిశోధన.

జ్వరాలు చూడటం నిలిచిపోయింది. థర్మామీటర్ ఏదని అడిగితే గోడ అవతల నుంచి నవ్వు మాత్రం వినిపించింది.

జులై 13

ప్యాసింజర్ దగ్గింది! రెండుసార్లు! డాక్టరమ్మకు ఫోన్ చేశాను. పాపం, పని మానుకుని వచ్చారు. హాల్లోకి అడుగుపెట్టి, పరుపుల మీద పడుకుని నెమరు వేస్తున్న ఆవును, దాని ముందు తిరుగుతున్న టేబుల్ ఫ్యానును చూసి ముందు ఫ్యాను ఆపేశారు.

"పాండురంగం గారూ, దూరంగ కట్టమన్నది నిజమే. గని..."

పరీక్ష చేశారు. ఫ్యాను గాలికి దుమ్ము లేచి దగ్గిందట, రోగం లేదట. గాలికుంటు టీకా వేశారు. మూడు వారాలు మాత్రం దూరంగానే ఉంచమన్నారు. తర్వాత చేతులు కడుక్కుని, "నల్లమ్మను గూడ చూస్త, దినాలు దగ్గరవడ్డయి గద," అంటూ పెరటి తలుపు వైపు నడిచారు.

అడ్డం నిలబడ్డాను.

"మేడం, మీరు ఆవును ముట్టిండ్రు. ఇప్పుడు మీరు కర్ణాటక."

"నేను డాక్టర్ని!"

"మీరే చెప్పిండ్రు మేడం, బయటి మనిషి అని."

ఆమె ముఖం ఎర్రబడింది. మా డిపోలో తనిఖీ అధికారులను కూడా నేనిట్లాగే నిలబెట్టేవాణ్ణి, వాళ్ళ ముఖాలూ ఇట్లాగే అయ్యేవి. చివరికి సంచి సర్దుకుంటూ అన్నారు: "ఒక్కటన్న మంచిగ యాదికుంచుకోండ్రి. దూడ వడ్డ గంటల లోపటనే ముర్రుపాలు తాపాలె. ఈనినంక మాయ పడేదాక ఆగొద్దు. మీ దూడలు ఎందుకు పోతున్నయో నాకు గక్కడనే అనుమానం. తాపకపోతే దానికి రోగాన్ని తట్టుకునే బలం ఏడికెళ్ళి వస్తది?"

ఆమె వెళ్ళగానే గోడ దగ్గరికి పరుగెత్తి అంతా అరిచి చెప్పాను. అవతల నుంచి జవాబు: "మా అమ్మ, మా అవ్వ, అందరు మాయ పడ్డంకనే తాపిండ్రు. మాయ పడకముందు తాపితే బర్రెకు పానం మీదికొస్తది. నడుమ నీకేం ఎర్క, టికెట్లు కొట్టేటోనికి?"

రాత్రికి రొట్టె రాలేదు.

జులై 15

పొద్దున. మహేశ్వరి కుల్కచర్ల బస్సెక్కుతోంది. తమ్ముణ్ణి పట్టుకొస్తుందట. ఈ మూడు వారాల వ్యవహారం ఆమెకూ విసుగొచ్చింది, చెప్పదు గానీ. "నల్లమ్మ ఇంకా నాలుగు దినాలకు గాని ఈనదు. నాకెర్క. నువ్వు మాత్రం ఇటు రాకు," అని గోడ మీది నుంచి చెప్పి పోయింది.

11 గంటలు. నల్లమ్మ లేస్తోంది, పడుకుంటోంది. గోడెక్కి చూశాను. తోక పక్కకు పెట్టింది.

11.20. నీటిబుడ్డ కనబడుతోంది! మహేశ్వరికి ఫోన్. ఎత్తదు. బస్సులో హారన్ మోతకు వినబడి ఉండదు.

11.35. రెండు కాళ్ళు, ముక్కు. దేవుడా. ఇప్పుడేం చేయాలి, నేను కర్ణాటకలో ఉన్నాను!

సాయంత్రం. ఇప్పుడు కాస్త తీరిక దొరికింది. వరసగా రాస్తాను.

పెరటి తలుపు తీసి దూకాను. కాళ్ళు ముంచలేదు. తొట్టి ఎటుందో కూడా చూడలేదు. నేను చేరేసరికి దూడ గడ్డి మీద పడి ఉంది. ఆడదూడ! తడిసి, నల్లగా, వణుకుతూ. ముక్కు తుడవబోయాను. నల్లమ్మ లేచి కొమ్ములు వంచింది. వెనక్కి గెంతాను. అదే నాకి శుభ్రం చేసుకుంది. దూడ లేవబోతోంది, పడిపోతోంది. పొదుగు ఎక్కడుందో తెలియక తల్లి మెడ చీకుతోంది. నేను పొదుగు వైపు నడిపిద్దామని వంగిన ప్రతిసారీ కాలు గాల్లోకి లేస్తోంది.

ఫోన్ కలిసింది. మహేశ్వరి పరిగిలో ఉంది, వెనక్కే వస్తోంది, ఎంకయ్యను చొక్కా పట్టుకుని మరీ తెస్తోంది.

"మాయ పడ్డదా?" ఇదే మొదటి మాట.

"పడలే. దూడను తాపుత."

"తాపకు! నేనొచ్చేదాక తాపకు! నా బర్రె, నా మాట!"

ఫోన్ పెట్టేశాను. పెళ్ళయ్యాక ఆమె మాట్లాడుతుండగా నేను ఫోన్ పెట్టేయడం ఇదే మొదటిసారి. భయమేసింది. ఆమె గురించి కాదు, నిజంగా చెబుతున్నా, ఆ దూడ గురించి. పోయినదాన్ని గోనెసంచిలో చుట్టి నేనే మోసుకుపోయాను. ఆ బరువు నా భుజానికి తెలుసు.

నా అరుపులకు లతీఫ్, వెనకే గిన్నె పట్టుకుని అలీమాబీ వచ్చారు. ఎవరి కాళ్ళు ముంచాలి, ఎవరు చూస్తారు! ఆ పెద్దావిడ బర్రెను చూసింది, నన్ను చూసింది, దండెం మీద ఆరేసిన చీరను చూసింది.

"మహేశ్వరి చీర కట్టుకో బేటా. మా మామ గట్లనే పిండేటోడు. బర్రె మొకం జూడదు, చీర జూస్తది."

నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఆలోచించింది సిగ్గు గురించి కాదు. నా బట్టలు కర్ణాటకవి. దండెం మీదిది ఉతికిన తెలంగాణ చీర. నిబంధన ప్రకారం చూసినా అదే సరైనది!

చొక్కా, లుంగీ అక్కడే విప్పేశాను. అలీమాబీ అటు తిరిగింది. లతీఫ్ నవ్వు ఆపుకోలేక చెంగు ఎటు తిప్పాలో తప్పు చెప్పాడు. పసుపు చీర, మోకాళ్ళ దాకా వచ్చింది. సబ్బుతో చేతులు కడుక్కుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని, గొంతు సన్నగా చేసి, "దా తల్లి, నా బంగారు, దా," అంటూ దగ్గరికి పోయాను.

నల్లమ్మ వాసన చూసింది. నా మీసాల దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత తల తిప్పేసి కాలు సడలించింది.

పొదుగు తుడిచాను. దూడను లేపి నిలబెట్టి, చన్ను నోట్లో పెట్టాను. చప్పరించింది. వదిలేసింది. మళ్ళీ పెట్టాను. ఈసారి వదల్లేదు. గుటక గుటకకీ తోక ఊపింది. నేను అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను, సంతోషం ఆగలేదు. లతీఫ్ నవ్వడం మానేశాడు. బొడ్డుకు మందు రాయాలని వాడే గుర్తు చేశాడు.

అప్పుడే మహేశ్వరి దిగింది.

ముందు చీరను చూసింది. తర్వాత దూడ మూతి మీది నురగను. తర్వాత నల్లమ్మ వెనక వైపు.

"మాయ పడకముందే తాపినవా!"

"తాపిన. కడుపు నిండ తాపిన. ఏమన్న అయితే నా నెత్తి మీద వెయ్యి. రెండు దూడలను మోసుకపోయిన్నే నేను. మూడోది మోయ. మోయలేనంటే మోయలేను!" అన్నాను. సన్న గొంతు సంగతే మరిచిపోయాను. నల్లమ్మ ఉలిక్కిపడి చూసింది.

మహేశ్వరి దూడ పక్కన కూర్చుని దాని చెవి తుడవసాగింది.

"బావా," అన్నాడు ఎంకయ్య మెల్లగా. "మీకు ఎన్ని బర్లు?"

"మూడు."

"మరి గీ తెల్లది?"

పెరటి తలుపు తీసే ఉంది. పగ్గం తెంపుకున్న ప్యాసింజర్ చెక్‌పోస్టు దాటి, కొట్టంలోకి వచ్చి, మా అందరి మధ్య నిలబడి, నా దూడ వీపును ప్రేమగా నాకుతోంది!

"హిందె హోగ్రి! హిందె హోగ్రి!" అని అరిచాను. వెనక్కి పోలేదు. ఆ మాట బస్సులో వాడే అవసరం నాకూ ఎప్పుడూ రాలేదు.

జులై 16

మాయ నిన్ననే చీకటి పడకముందు పడిపోయింది. ఏ ఇబ్బందీ లేదు. నల్లమ్మ దాణా తింది. మహేశ్వరి దాని గురించి మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం నాకు చాలు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి అన్నీ ఒప్పుకున్నాను. అయిందేదో అయింది, ఇప్పటికైనా ఆవును దూరం కట్టి, దూడను కనిపెట్టుకుని ఉండమన్నారు. ప్యాసింజర్‌ను రోడ్డు వైపు టార్పాలిన్ కింద, సోఫా పక్కన కట్టాను. ఎంకయ్య ఇంట్లో విషయం తేలిపోయింది. ఆవు రావచ్చు గానీ ఎంకయ్య మాత్రం కొంతకాలం రావద్దని అతని భార్య కబురు పంపిందట. వాడు మా సోఫా మీదే పడుకుంటున్నాడు.

దూడ తాగగా మిగిలిన పాలతో జున్ను వండాం. అలీమాబీ గిన్నెకు మొదటి వాటా.

జులై 18

కొత్త చిక్కు. మహేశ్వరి పిండితే నల్లమ్మ చేపడం లేదు. కాలు ఎత్తుతోంది. అవతల నన్ను వెతుకుతోంది. ఈ ఈతలో మొదట ముట్టింది నేనట, దానికి నేనే అలవాటయ్యానట. ఇది చెప్పింది మహేశ్వరి. చెప్పి, దుప్పటి కప్పుకుని మళ్ళీ పడుకుంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె సూర్యుడు వచ్చేదాకా నిద్రపోవడం చూశాను. నాకేదో అనుమానం. కానీ బర్రెను అడగలేను కదా!

పసుపు చీర కట్టుకుని పిండాను. చేపింది.

జులై 20

చీర. పాలు. కొట్టం కడగడం. తొట్టిలో సున్నం వేయలేదు, వాన వస్తుందేమోనని. రాలేదు.

దూడ పెండ చూస్తున్నాను. ఇంకేమీ చూడటం లేదు. గట్టిగా ఉంటే అన్నం సయిస్తోంది. కాస్త పలచగా అనిపిస్తే ముద్ద దిగడం లేదు.

జులై 22

పొద్దున దూడ లేవలేదు! పరుగెత్తాను. చీర కాళ్ళకు చుట్టుకుని పడ్డాను. ఆ చప్పుడుకు లేచి, నా మీది నుంచి దూకి, తల్లి దగ్గరికి పోయింది. నిద్రపోతోందంతే.

డాక్టరమ్మ వచ్చారు. ఈసారి ఆపలేదు, నేనే దగ్గరుండి తీసుకుపోయాను. చీరలో ఉన్నాను, మరచిపోయాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. కారణం చెప్పాను. నవ్వుతారనుకున్నాను.

"గిదే నేను శిక్షణల మొత్తుకున్నది! కొట్టం బట్టలు వేరు, ఇంటి బట్టలు వేరని! నలుగురికి చెప్తే ఒక్కలు జేస్తలేరు. మీరు గీ చీర కొట్టం దాటనియ్యకుండ్రి, దినాం ఉతుకుండ్రి."

అంత పెద్ద చదువు చదివిన మనిషి, అంత గంభీరంగా చెప్పారు. తర్వాత స్కూటర్ దగ్గరికి పోయి, అటు తిరిగి చాలాసేపు భుజాలు కదిలించారు.

జులై 27

మూడు వారాలు అయ్యాయి. డాక్టరమ్మ సరేనన్నారు. ప్యాసింజర్ ట్రాలీ ఆటో ఎక్కింది, పక్కనే ఎంకయ్య ఎక్కాడు. ఇద్దరికీ చోటు దొరికింది. కుల్కచర్లలో దిగాక ఎవరిని ముందు లోపలికి రానిస్తారో తెలియదు.

హాలు కడిగాం. పరుపులు పారేశాం. పోయిన రెండు దూడలు దాటని వారం గడువు దాటిపోయి అయిదు రోజులైందని మహేశ్వరే లెక్క చెప్పింది. నేను పైకి అనకుండా ఉన్నాను, దిష్టి తగులుతుందని. దూడ కొట్టమంతా ఎగురుతోంది. గోడకు తల పెట్టి రుద్ది రుద్ది నా మొదటి మూడు నిబంధనలూ చెరిపేసింది.

మహేశ్వరి మధ్యాహ్నం తాండూరు పోయి వచ్చింది. సంచిలోంచి చీర తీసి నా ముందు పెట్టింది. ఆకుపచ్చ, ఎర్ర అంచు.

"ఎవరికే ఇది?"

"నీకే. నా పసుపు చీర నాకు కావాలె, పెండ్లికి పోవాలె. పన్నా వెడల్పుది కావాలన్న. ఎవరికమ్మా అని దుకాణపోడు అడిగిండు. మా ఆయనకన్న."

"అందరి ముందరనా?"

"అందరి ముందరనే. ఏం, తప్పా? నా దూడను బతికిచ్చినోడు." అటు తిరిగి గిన్నెలు సర్దుతూ అంది: "బర్లను ఇగ అమ్మ. బేరానికొస్తనన్నోనికి ఫోన్ జేసి రావొద్దన్న."

బేరం అంతదాకా వచ్చిందని నాకు తెలియనే తెలియదు. కూర్చుండిపోయాను. పెళ్ళయినప్పటి నుంచి నా బట్టలు ఆమే కొంటోంది. ఇంత మంచిది ఎప్పుడూ కొనలేదు.

నిర్ణయం: రేపటి నుంచి అన్నీ మళ్ళీ మొదలు. తొట్టిలో తాజా సున్నం. రెండు పూటలా కడగడం. కొత్త థర్మామీటర్, దాని మీద పెద్ద అక్షరాలతో ఎవరిదో రాసి. బయటి పశువు వస్తే గేటు దగ్గరే ఆపడం, బామ్మర్ది తెచ్చినా సరే. ఈసారి ఒక్కటి కూడా తప్పను.

నల్లమ్మ ఆకుపచ్చను ఒప్పుకుంటుందో లేదో. ఇప్పటికి కొట్టంలో దండెం మీద వేశాను, వాసన పట్టాలని. పొద్దున పెందలాడే లేవాలి, కుచ్చిళ్ళు పెట్టుకోవడానికే పావుగంట పోతోంది.